సీసా వెనక చోటు

"ఈ ఏడు సీసా వెనక నీ పేరు వేయిస్తాను, చిన్నక్షరాల్లో" అని గ్రెగ్వార్ మాటిచ్చినందుకు ఆ ఉదయం ఫిర్మెన్ గడ్డం గీసుకుని మరీ వైన్ నేలమాళిగకు వచ్చాడు. కొండవాలు తోటల పినో, గమే ద్రాక్షల వైన్‌లను ముప్పై ఏళ్లుగా పాళ్లు చూసి కలుపుతున్నది అతనే. పెద్దాయన పోయాక అల్లుడు గ్రెగ్వార్ యజమాని అయ్యాడు. అతనికి చదువు ఎక్కువ, రుచి తెలిసే నాలుక తక్కువ.

జెనీవా హోటళ్లకు వైన్ కొనే మదాం సాలామాన్ మధ్యాహ్నం వస్తుంది. ఈలోగా నమూనా లేబుల్ అచ్చయి రావాలి.

"ఏ తిండికి సరిపోతుందో రాయాలోయ్. అది చదవందే జెనీవా వాళ్లు మూత తియ్యరు" అంటూ గ్రెగ్వార్ పీపాకు వేలాడుతున్న పలక చూశాడు. దానిమీద ఫిర్మెన్ వంకర రాత: రై రొట్టె, కల్లుప్పు, తవుడు, బంగాళదుంప తొక్కలు.

"భలే. అచ్చమైన కొండ రుచి."

"అది వైన్ సంగతి కాదు సార్. మా..."

"నువ్వు కలుపు చాలు. రాత సంగతి చదువుకున్నవాళ్లు చూసుకుంటారు."

ఆదివారం ఆవులు కొమ్ములతో ఒకదాన్నొకటి తోసుకునే పోటీ. ఫిర్మెన్ ఆవు బారోన్ మూడేళ్లుగా గెలుస్తూ ఆ లోయకు రాణి. పోటీ ముందు దానికి వైన్‌లో నానబెట్టి పెట్టే దాణా అది. భార్య ఓడిల్ ఏదీ మరిచిపోకుండా తేవాలని రాసిపెట్టాడు.

కాసేపటికి గ్రెగ్వార్ అచ్చువాళ్లతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, "జాబితా పెద్దదైంది. నీ పేరుకు చోటు చాలలేదు. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

అప్పటిదాకా నిజం చెబుదామనే ఉన్న ఫిర్మెన్ ఆ ఆలోచన మానుకున్నాడు.

లేబుల్ మీద ఉన్నది బల్లమీదా ఉండాలి కదా. ఆ జాబితా సరుకులతో ఓడిల్ గుమ్మంలో పెట్టి వెళ్లిన సంచీని వంటామె లోపలికి పట్టుకెళ్లి వడ్డించింది. మధ్యాహ్నం వచ్చిన మదాం సాలామాన్ వెండి చెంచాతో తవుడు నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. "కొండగాలి తగులుతోంది" అంది. దగ్గు ఆపుకోవడానికి ఇంకో గ్లాసు తాగింది. గ్రెగ్వార్ మర్యాద కోసం రెండోసారి వడ్డించుకున్నాడు.

అప్పుడే ఓడిల్ తిరిగొచ్చింది. "ఏమయ్యా, బారోన్ దాణా ఏదీ? ఇక్కడే పెట్టానే."

"బారోన్ ఎవరు?" అంది మదాం.

"మా ఆవు అమ్మా. మీరు తింటున్నది దానిదే."

గ్రెగ్వార్ పళ్లెం పక్కకు తోశాడు. "వీడు మోసం చేశాడు మేడం. ఇవాళే పనిలోంచి తీసేస్తాను."

"నాకు రాత తెలీదన్నారు కదా సార్. అందుకే ఊరుకున్నాను" అన్నాడు ఫిర్మెన్.

మదాం చెంచా కింద పెట్టింది. దాణా తిని మెచ్చుకుందని జెనీవాలో తెలిస్తే ఆమె నాలుకను ఇక ఎవరూ నమ్మరు. "ఆ ఆవు గెలుస్తుందా?" అని అడిగింది.

"మూడేళ్లుగా రాణి" అన్నాడు ఫిర్మెన్.

"నాకు మొదటి ముద్దలోనే తెలిసింది. పీపాలన్నీ నావే. లేబుల్ మీద ఆవు బొమ్మ, దాని పేరు పెద్దగా ఉండాలి. ఇతన్ని తీసేస్తే బేరం లేదు."

ఫిర్మెన్ పని నిలిచింది. పీపాలన్నీ జెనీవాకు వెళ్లిపోవడంతో దాణా నానబెట్టడానికి చుక్క మిగల్లేదు. ఆదివారం బారోన్ మొదటి తోపులాటలోనే వెనుదిరిగింది. సీసాల మీద మాత్రం రాణిగానే వెలిసింది. కొమ్ములు బాగా వెడల్పు కావడంతో, ఫిర్మెన్ పేరుకు ఈసారీ చోటు చాలలేదు.