మా కుక్కకు ప్రేమ లేదు, కాగితం ఉంది

కుక్కలకు యజమాని మీద ప్రేమ లేదు. లేకపోవడమే మంచిది! ఇది నా సొంత మాట కాదు. ముగ్గురు చదువుకున్న మనుషులు సంతకాలు చేసిన కాగితం మీద ఉన్న మాట. కాదనే ధైర్యం ఎవరికుంది?

నేను తాళాలు బాగుచేసేవాడిని. నలభై ఏళ్ళుగా పరాయి తలుపుల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏ ఇంట్లో ఎంత ప్రేమ ఉందో తాళం చూసి చెప్పగలను. ప్రేమించి పెళ్ళి చేసుకున్న ఒక జంట ఒకే బీరువాకు రెండు తాళాలు పెట్టించుకుంది. ఒకరినొకరు విడిచి ఉండలేని అన్నదమ్ములు ఫ్రిజ్‌కు తాళం వేయించారు. ఒకావిడ మొగుడి ఫోను పట్టుకొచ్చి, "దీని లాక్ తియ్యి తాతా, ఆయనంటే నాకు ప్రాణం" అంది. ఫోన్లు నా పని కాదమ్మా అన్నాను. "మరింకేం తాళాలోడివి!" అని కసిరి వెళ్ళిపోయింది.

అదీ ప్రేమంటే!

మరి కుక్క? ఏనాడైనా తన గిన్నెకు తాళం అడిగిందా? మీ జేబులు వెతికిందా? ఇంతసేపు ఎక్కడ తిరిగొచ్చావని గుమ్మంలో నిలదీసిందా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కూడా చేతకాని జంతువుకు ప్రేమ ఎక్కడి నుంచి వస్తుందండీ?

మా ఇంట్లోనూ ఒకటుంది. గోధుమ రంగు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటుంది. రెండేళ్ళ కింద ఓ వానరోజు నా వెనకాలే మెట్లెక్కి వచ్చింది, మళ్ళీ దిగలేదు. రోజంతా గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటుందని మా ఆవిడ దానికి గుమాస్తా అని పేరు పెట్టింది.

పొద్దున్నే సంచి భుజాన వేసుకుని మూడంతస్తులు దిగి, నేనలా గేటు దాటానో లేదో, గుమాస్తా మొదలుపెడుతుంది. ఊళ! పావుగంట దాకా ఆగదు. వెంట తీసుకెళ్దామంటే, తాళంచెవి పోగొట్టుకుని వీధిలో నిలబడ్డవాళ్ళు కుక్కను కూడా చూసి ఏమైపోతారు? పోనీ అది ఒంటరిగా ఉందా అంటే, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. "ఏం, నీ కంటికి నేను మనిషిలా కనపడట్లేదా?" అని అది అరిచినంతసేపూ ఆవిడా దానిమీద అరుస్తుంది.

పై అంతస్తు బ్యాంకు మేనేజరు అపార్ట్‌మెంట్ కమిటీకి ఫిర్యాదు రాశాడు. పాపం, ఆయన తప్పేముంది? నాలుగు నెలలుగా వాళ్ళింట్లో డ్రిల్లింగు పని జరుగుతోంది. వాళ్ళ టీవీ వీధి చివరి వరకూ వినిపిస్తుంది. అంతటి ప్రశాంతతను మా కుక్క చెడగొట్టింది!

డాక్టరుకు చూపించమన్నారు. చూపించాను. పశువుల డాక్టరు దాని పళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, చెవిలో లైటు వేశాడు. "జబ్బేం లేదు పెద్దాయనా. మీరంటే దానికి ప్రేమ, అంతే" అన్నాడు. ఆ ముక్కే కాగితం మీద రాసి స్టాంపు కూడా కొట్టాడు.

ఆ కాగితమే కొంప ముంచింది.

కమిటీ ప్రెసిడెంటు రిటైరైన హెడ్మాస్టరు. దాన్ని రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "జబ్బయితే టైమిచ్చేవాళ్ళమయ్యా, మందేస్తే తగ్గుతుంది. ప్రేమకేం చేస్తాం? మొదలైతే తగ్గేదా, పాడా! ఆదివారంలోగా ఊరవతల కుక్కల షెడ్డుకు పంపించెయ్."

ఆ షెడ్డు తాళాలు ఒకప్పుడు నేనే బిగించాను. అన్నీ బయట గడియలే. తాళాలవాడికి లోపల ఏముందో చూసే పని లేదు. కానీ చూశాను.

నేను మాటలు తక్కువ మనిషిని. అయినా ఆ రోజు నోరు తెరిచాను. "డాక్టరు పొరబడ్డాడండీ. దానికి ప్రేమా లేదు, గీమా లేదు."

"రుజువేంటి?" అన్నాడు మేనేజరు.

రుజువులకేం కొదవ? నేను ఇంటికి రాగానే అది చెప్పు తెచ్చిస్తుంది. ఎన్ని చెప్పులు? ఒక్కటే! ప్రేమ ఉన్నది రెండో చెప్పు తేదా? మొన్న నాకు జ్వరమొస్తే రెండు రోజులు తిండి మానేసి నా పాదాల మీద పడుకుంది. ప్రేమట! ఒళ్ళు కాలిపోతున్న మనిషి, ఊరికే దొరికిన హీటరు, ఎవరు వదులుకుంటారు? నా చేతులు నాకుతుంది. పని చేసొచ్చిన చేతులకు నూనె ఉంటుంది, ఇనుప పొడి ఉంటుంది. దాని రుచి దానిది. ఇక తోక ఊపడం. తోకంటూ ఉంటే ఎవరైనా ఊపుతారు. మనకు లేక ఊరుకుంటున్నాం!

ఇవన్నీ వరసగా చెప్పాను. నేను అంతసేపు మాట్లాడగలనని ఆ రోజే అందరికీ తెలిసింది. నాకూ తెలిసింది.

చివరికి ప్రెసిడెంటు పరీక్ష పెట్టాడు. ఆదివారం పది గంటలకు నేను గేటు దాటి వీధి చివరిదాకా వెళ్ళాలి. పావుగంట దాకా రాకూడదు. తలుపు మూసి, ప్రెసిడెంటు, కమిటీ సెక్రటరీ, మేనేజరు ముగ్గురూ బయట నిలబడతారు. కుక్క ఒక్క కూత కూసిందా, షెడ్డుకే.

ఆదివారం వచ్చింది. ప్రెసిడెంటు గడియారంతో వచ్చాడు. సెక్రటరీ కుర్చీ తెచ్చుకున్నాడు. మేనేజరు చప్పుడు కొలిచే యాప్ ఫోనులో ఎక్కించుకొచ్చాడు. న్యాయం కోసం ఆ పావుగంటా డ్రిల్లు కూడా ఆపించాడు. ఎంత మంచివాడు!

సంచి వేసుకుని దిగాను. ఆఖరి మెట్టు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. మోకాళ్ళ నొప్పి, ఇంకేం కాదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. అరవకు, అరవకు అనుకున్నాను. అయిదు నిమిషాలు. చప్పుడు లేదు. పది నిమిషాలు. లేదు. పదిహేనో నిమిషానికి చూసుకుంటే నేను అనుకుంటున్న మాటే మారిపోయింది. ఏం, ఒక్కసారైనా అరవవేం?

పైనుంచి చప్పట్లు వినపడ్డాయి. మెట్లెక్కి వెళ్ళాను.

"గెలిచావయ్యా!" అన్నాడు ప్రెసిడెంటు నా భుజం తట్టి. "నీ కుక్కకు నువ్వంటే బొత్తిగా లక్ష్యం లేదు. ఇక ఇద్దరూ హాయిగా ఉండండి." అక్కడికక్కడే కాగితం రాశారు. మూడో అంతస్తులోని కుక్కకు తన యజమానిపై ఎటువంటి ప్రేమయు లేదని కమిటీ వారు స్వయముగా విని ధ్రువీకరించడమైనది. మూడు సంతకాలు.

లోపలికి వెళ్తే గుమాస్తా తోక ఊపింది. నేను చూడనట్టు సంచి మేకుకు తగిలించాను. ఆ రోజంతా దానితో మాట్లాడలేదు. మా ఆవిడతోనూ మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడను కాబట్టి ఎవరూ పట్టించుకోలేదనుకున్నాను.

సాయంత్రం మా ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, "అలిగారా?" అంది.

"లేదు."

"కుక్క మీద?"

నేను టీ తాగాను.

"గేటు దాటారా మీరు?"

"...లేదు."

"మరి అదెందుకు అరుస్తుంది? మెట్ల కింద నిలబడ్డ మనిషి కోసం ఎవరైనా ఏడుస్తారా? తలుపు కింది సందులో ముక్కు పెట్టి కూర్చుంది. మీరు దగ్గారు, దాని చెవి లేచింది. కింద మీ చెప్పు చప్పుడైంది, తోక ఆడింది. పావుగంటా అలాగే ఉంది."

"నీకెలా తెలుసు?"

"దాని పక్కనే కూర్చున్నాను, ఎలా తెలుసేమిటి!" అని గ్లాసు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కాబట్టి పాఠకులారా, కుక్కలకు ప్రేమ లేదు. రుజువైపోయింది. రేపు సోమవారం, నేను గేటు దాటాలి. మూడో అంతస్తు నుంచి ఏదైనా చప్పుడు వినిపిస్తే కంగారుపడకండి. అది మరేదో అయ్యుంటుంది, ప్రేమ మాత్రం కాదు. కమిటీ కాగితం తలుపుకు అంటించాను, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

ఒక్కటే సందేహం. ఆ కాగితంలో కుక్క సంగతి మాత్రమే ఉంది. మా ఆవిడకు కూడా ప్రేమ లేదని ఒకటి కావాలంటే, పరీక్ష ఏ రోజు పెడతారో కమిటీ వారు దయచేసి తెలియజేయాలి. ఈసారి మాత్రం ఓడిపోతానేమోనని భయంగా ఉంది.