మచ్చ లేని వార్డు

కరోనా దేశం మొత్తాన్ని తాకినా వేలూరు దగ్గరి గుడియాత్తంలో తమ వార్డు మగతనాన్ని మాత్రం తాకలేకపోయిందని కౌన్సిలర్ ఏలుమలైగారు మైకులో ప్రకటించారు. పల్చటి తెల్లచొక్కా జేబులోంచి పార్టీ అధినేత ఫోటో ఆ మాటకు నవ్వుతూ కనిపించింది.

"జొరం పోయినాక కూడా మొగోళ్ళకి వీర్యకణాలు తగ్గొచ్చునంట. అది వేరే వార్డుల సంగతి," అన్నారు. పార్టీవాళ్ళు తమకు పుట్టిన బిడ్డలకు పేరు పెట్టించుకునేది ఆయన చేతే కాబట్టి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ పూట కూడా ఒక పసివాడికి పేరు పెట్టారు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు, ఆనందం పట్టలేక కాబోలు.

మేస్త్రి అంకప్ప అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. వెనక 'సంతాన శిబిరం, ఆడవాళ్ళకు మాత్రమే' అని బ్యానరుంది. అతని భార్య లోకేశ్వరి అక్కడ అన్ని పరీక్షలూ చేయించుకుంది, ఏ లోపమూ లేదన్నారు. అయినా అత్త కుప్పమ్మ, శుభకార్యాలు చెయ్యని ఆడి నెల పోగానే కోడల్ని నెమిలిలో పుట్టింటికి తోలేసి కొడుక్కి వేరే సంబంధం చూస్తానని కూర్చుంది.

సభ అయ్యాక అంకప్ప నసిగాడు. "తలైవరే, నాకూ ఆ జొరం వచ్చి పోయినాది గదా. ఒకతూరి చూపించుకుంటా."

"నువ్వు పోతే వార్డు పరువు యాడ ఉంటాదప్పా? నమ్మకం పెట్టుకో. బిడ్డని ఎత్తుకొని రా, నేనే పేరు పెడతా."

అంత పెద్దమనిషి భుజం తట్టేసరికి అంకప్పకు కళ్ళు చెమర్చాయి. పక్కనున్న లోకేశ్వరికి ఒళ్ళు మండింది.

"రేప్పొద్దన్నే నువ్వు వేలూరు బస్సెక్కుతావా, నేను నెమిలి బస్సెక్కేదా?"

మర్నాడు, తెలిసిన మొహం కనబడకూడదని వేలూరు బాగాయంలో ఒక సందులోని చిన్న ల్యాబుకు వెళ్ళారు. వీళ్ళింకా పేరు చెప్పకుండా వరుసలో ఉండగానే కౌంటరులోని అమ్మాయి పిలిచింది.

"అంకప్ప, గుడియాత్తం."

అంకప్ప నోరు తెరిచేలోపు ముందు బెంచీ మీది మనిషి లేచాడు. మండుటెండలో మాస్కు, దాని పైన మంకీ క్యాపు. పల్చటి జేబులోంచి అధినేత మాత్రం నవ్వుతున్నాడు.

"నేనేమ్మా," అని డబ్బా అందుకుని గదిలోకి వెళ్ళాడు.

అంకప్ప వెనక్కి తిరగబోయాడు. లోకేశ్వరి అతని చెయ్యి వదల్లేదు. వంతు వచ్చింది.

"పేరు?"

"ఏలుమలై," అంది లోకేశ్వరి. "గుడియాత్తం కౌన్సిలర్. రొంత గట్టిగా పిలువు తల్లీ."