రెండు కార్డుల సిస్టర్

“ఎడారిలో ఇకపై ఏ తెలుగు నర్సమ్మకీ బీమా బెంగ ఉండదు. రెండు ఉద్యోగాలు చేసే ప్రతి ఆడపడుచుకీ రెండు బీమా కార్డులు ఇప్పిస్తాం!”

రియాద్‌లో ఒక హోటల్ హాల్లో, బిర్యానీ వడ్డనకు కాస్త ముందు, శ్రీ అచ్యుతరావుగారు ఈ చారిత్రక ప్రకటన చేశారు. ఆయన ప్రవాసుల సంక్షేమానికి ప్రభుత్వ గౌరవ సలహాదారు. జీతం లేని పదవి. పాపం, ఒక కారు, ఇద్దరు పీఏలు, విమానం టిక్కెట్లతోనే సరిపెట్టుకుంటున్నారు.

హాలంతా చప్పట్లు. మూడో వరసలో చాముండేశ్వరి అందరికన్నా గట్టిగా కొట్టబోయి, కుడి పక్కటెముకల కింద కలుక్కుమనడంతో ఆగిపోయింది. పిత్తాశయంలో రాళ్లు. పన్నెండో తారీఖున ఆపరేషన్. బీమా గడువు మాత్రం తొమ్మిదితోనే తీరిపోతుంది.

తుని నుంచి వచ్చిన ఈ నర్సుకు పొద్దున్న ఏడు నుంచి మూడు దాకా ఆసుపత్రిలో వార్డు డ్యూటీ, నాలుగు నుంచి తొమ్మిది దాకా అదే యజమాని క్లినిక్‌లో ఇన్సూరెన్స్ డెస్క్ డ్యూటీ. మధ్యలో ఒక గంట కంపెనీ బస్సులో. భోజనం, కునుకు, ఇంటికి ఫోను అన్నీ అందులోనే. బీమా రెన్యూ చేయమంటే ఆసుపత్రివాళ్లు క్లినిక్‌ని అడగమంటారు, క్లినిక్‌వాళ్లు ఆసుపత్రిని అడగమంటారు. ఒక ఉద్యోగం మానేస్తానంటే మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, కుదరదని.

సభ అయ్యాక ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్లింది.

“సార్, నాకు రెండొద్దండీ. ఉన్న ఒక్కటీ ఊడిపోకుండా చూడండి, చాలు.”

అచ్యుతరావుగారు చలించిపోయారు. “పిచ్చితల్లీ! అడిగేదేదో పెద్దగా అడగాలమ్మా. ఒక్క కార్డు ఇప్పించడానికి నేను ఇంత దూరం రావాలా? మొదటి లబ్ధిదారువి నువ్వే!”

పీఏ పేరు రాసుకున్నాడు. ఫోటో మాత్రం మూడుసార్లు తీయాల్సి వచ్చింది. మొదటి రెండుసార్లు ఆవిడ నవ్వలేదు మరి.

మర్నాడు సలహాదారుగారు ఆసుపత్రికి వెళ్లి హెచ్చార్ మేనేజర్ ఇష్తియాక్‌కి శాలువా కప్పారు. ఇష్తియాక్ హైదరాబాద్ మనిషి. శాలువా కప్పారంటే ఏదో పని పడిందని అతనికి వెంటనే అర్థమైంది.

“సాబ్, ఒక్క మనిషికి రెండు పాలసీలు ఎక్కడా లేవు.”

“ఎక్కడా లేవు గనకే మనం చేస్తున్నాం. చరిత్ర అంటే అదే కదయ్యా!”

ఇష్తియాక్ శాలువా అంచు తడిమి చూసుకున్నాడు. “సరే సాబ్. సిస్టర్ ఇకామా నంబర్, అదే ఇక్కడుండే పర్మిట్ నంబర్, ఆసుపత్రి కింద ఒకసారి కొడ్తా, క్లినిక్ కింద ఒకసారి కొడ్తా. ఆ తర్వాత అల్లా మాలిక్.”

కొట్టాడు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులన్నిటా ‘ప్రపంచంలోనే తొలి డబుల్ బీమా నర్సు’ వెలిసింది. రాత్రికి ఆరడుగుల థర్మాకోల్ కార్డు ఆవిడ గదికే వచ్చేసింది. తోటి నర్సు, కర్నూలు హలీమా, దాన్ని ఎగాదిగా చూసి నెత్తి కొట్టుకుంది.

“ఏడ పెడ్తావక్కా దీన్ని? మంచం తీసేస్తామా?”

నిజం చెప్పొద్దూ, చాముండేశ్వరికీ లోపల ఆశ పుట్టింది. రెండిట్లో ఏదో ఒకటైనా పనిచేయకపోతుందా!

పదో తారీఖు సాయంత్రం డెస్క్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ‘అప్రూవల్ రాలేదండీ, కూర్చోండి’ అని చెబుతూ, మధ్యలో తన నంబరు కొట్టి చూసుకుంది. ఒకే ఇకామా మీద రెండు పాలసీలు ఉన్నందున విచారణ పూర్తయ్యేదాకా రెండూ నిలుపుదల. ముప్పై పనిదినాలు.

పన్నెండంటే ఎల్లుండే. వెంటనే ఇష్తియాక్‌కి ఫోన్ చేసింది.

“ఒక్కటే ఉండుంటే ఆగేది కాదు సిస్టర్,” అన్నాడతను ఎంతో సానుభూతితో.

“ఆ ఒక్కటే కదండీ నేనడిగింది!” ఏడుపొచ్చేసింది ఆవిడకి.

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకునేలోపే క్లినిక్ తలుపు తెరుచుకుంది. ఇద్దరు పీఏల భుజాల మీద వేలాడుతూ అచ్యుతరావుగారు లోపలికొచ్చారు. వారంలో తొమ్మిది సన్మానాలు, తొమ్మిది బిర్యానీలు. కళ్లు తిరుగుతున్నాయట.

“ఇన్సూరెన్స్ అండీ?” అలవాటుగా అడిగింది చాముండేశ్వరి.

మొదటి పీఏ రెండో పీఏ వంక చూశాడు. “నువ్వు తీశావనుకున్నా.”

“నువ్వు తీశావని నేననుకున్నా.”

సలహాదారుగారు బలహీనంగా చెయ్యెత్తి వాళ్లను క్షమించారు. “ఉండండయ్యా. అమ్మా, నీ దగ్గర రెండున్నాయిగా! ఒకటి నా మీద కొట్టెయ్. ఎవరిచ్చిందీ, నేనేగా?”

చాముండేశ్వరి స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

బీపీ చూడటానికి ఎవరి అప్రూవలూ అక్కర్లేదు. ఆయన్ని బెడ్ మీద పడుకోబెట్టి, జబ్బకి పట్టీ చుట్టింది.

“నా ఆపరేషన్ ఎల్లుండేనండీ. ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

అచ్యుతరావుగారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. “రెండూ ఆగిపోయాయంటే ఇక దారి ఒక్కటేనమ్మా. మూడో కార్డు.”

“దానికి మూడో ఉద్యోగం ఉండాలి కదండీ.”

“అద్దీ! రాసుకోవయ్యా. నర్సమ్మలకి మూడో ఉద్యోగం. రేపే ప్రకటిద్దాం.”

ఒక పీఏ పుస్తకం తీశాడు. ఇంకొకడు ఫోన్ పైకెత్తి, “అమ్మా, ఇటు చూసి కాస్త నవ్వండి,” అన్నాడు.

ఒక చేత్తో పక్కటెముకల కింద అదుముకుని, రెండో చేత్తో పట్టీలోకి గాలి కొడుతూ, ఈసారి చాముండేశ్వరి మొదటి ఫోటోకే నవ్వేసింది.