అత్తగారి సైటులో ఇసుక గడియారం

ఆ రోజు పొద్దున్నే అత్తగారి కర్టెన్ల దుకాణం వెబ్‌సైటును ప్రారంభించేసి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆవిడ చేత ఒక మంచిమాట అనిపించుకోవాలని అల్లుడు అనుకున్నాడు. ఉద్యోగం మానేసి సొంతంగా సైట్లు తయారుచేస్తానని బయలుదేరాక అతనికి దొరికిన మొదటి పని ఇదే. ఇది బెడిసికొడితే దుకాణంలో కౌంటరు దగ్గర కుర్చీ ఖాళీగానే ఉందని అత్తగారు ముందే చెప్పి ఉంచారు. ఆవిడ ఆప్యాయంగానే అన్నారు కానీ, ఆ కుర్చీ తలుచుకుంటేనే అతనికి గుబులు.

సైటు బాగానే కుదిరింది. కానీ మన అల్లుడి చెయ్యి ఊరుకునే రకం కాదు. లింకు మీదికి వెళ్తే బాణం గుర్తు చెయ్యిగా మారడం అందరూ చేసేదే, అందులో తన గొప్పేముంది? నొక్కితే ఏమవుతుందో నొక్కకముందే తెలిసిపోవాలనుకున్నాడు. వేరే సైటుకు తీసుకుపోయే లింకు మీద అడ్డగీత ఉన్న ఎర్ర సున్నా కనబడేలా చేశాడు. బొమ్మలు ఎక్కువై తెరుచుకోవడానికి కాస్త సమయం పట్టే కర్టెన్ల పేజీ లింకు మీద ఇసుక గడియారం పెట్టాడు. "ఇవన్నీ ఎవరికి అర్థమవుతాయండీ?" అని భార్య అడిగితే, పాపం పిచ్చిది అన్నట్టు చూసి నవ్వాడు.

దుకాణంలో మామగారి చేత ప్రారంభం చేయించి, ఆ కబురు స్నేహితులకు ఫోన్‌లో చెప్పుకోవడానికి అల్లుడు బయటికి వెళ్లాడు. మామగారు బాణాన్ని 'కర్టెన్లు చూడండి' మీదికి తెచ్చారు. ఇసుక గడియారం వచ్చింది. ఆయన వెంటనే మౌస్ వదిలేసి చేతులు కట్టుకు కూర్చున్నారు. కంప్యూటరు పనిలో ఉన్నప్పుడు దాన్ని కదిలించకూడదని ఆఫీసులో నేర్చుకున్న క్రమశిక్షణ ఆయనది. కాఫీ తాగారు, పేపరు తిరగేశారు, ఓ కునుకు కూడా తీశారు. ఏమైందని అత్తగారు అడిగితే, వస్తోందన్నారు.

ఎంతకీ రాకపోయేసరికి అత్తగారు ఇంటర్నెట్ అతన్ని పిలిపించారు. అతను ఇంటర్నెట్ పెట్టె మార్చాడు, గడియారం పోలేదు. అప్పుడు కంప్యూటర్ మెకానిక్ వచ్చి, బాణం పెట్టి చూసి, మెషిన్ ముసలిదైపోయిందని తేల్చి మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఈలోగా ఎక్కడెక్కడో కంప్యూటర్ల ముందు కాచుక్కూర్చున్న ఖాతాదారుల ఫోన్లు మొదలయ్యాయి. దుకాణానికి దారి చూపే మ్యాపు వేరే సైటుది కావడంతో, ఆ లింకు మీద ఎర్ర సున్నా చూసి, షాపు మూయించారా అని ఒకావిడ పరామర్శించింది. అత్తగారు ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు చెబుతూ వాళ్ల కిటికీల కొలతలు అడగసాగారు.

అల్లుడు తిరిగొచ్చేసరికి కంప్యూటరు బల్ల మీద ముక్కలుగా ఉంది. సంగతి విని నీరుగారిపోయాడు.

"లింకు నొక్కారా మామయ్యగారూ?"

"గడియారం కనబడుతుంటే ఎలా నొక్కుతాను బాబూ? ఆగమనే కదా దానర్థం?"

అల్లుడు తన ల్యాప్‌టాప్ తెరిచి, గడియారాన్నీ సున్నానీ పీకేసి, అంతటా మామూలు చెయ్యే పెట్టేశాడు. జనం నొక్కసాగారు, పేజీలు తెరుచుకోసాగాయి. సిగ్గుతో చితికిపోతూ కౌంటరు కుర్చీ వైపు చూశాడు.

సాయంత్రానికి అత్తగారే అతని దగ్గరికి వచ్చారు. "బాబూ, ఫోన్లు ఎందుకు ఆగిపోయాయి?"

"ఇప్పుడు సైటు బాగైంది కదండీ. చూసుకుని వెళ్లిపోతున్నారు."

"ఎవరు బాగుచెయ్యమన్నారు మిమ్మల్ని? ఫోన్ చేసినవాళ్లలో కొనకుండా వదిలినవాళ్లు లేరు. ఆ గడియారం మళ్లీ పెట్టండి."

ఇప్పుడు ఆ వీధిలోని దుకాణాల వాళ్లంతా అతని చేతే సైట్లు చేయించుకుంటున్నారు. వాళ్ల షరతు ఒక్కటే: నొక్కితే పేజీ తెరుచుకుంటుందని ఎవరికీ తెలియకూడదు.