కర్రంతా మందే

గురువారం మధ్యాహ్నం 2:10కి విమానాశ్రయంలో పెద్ద సామాను తీసుకునే కౌంటరు మూసేశారు. కారణం ఒక కర్ర.

ఆ ఉదయం లూయెల్లా బాంబెరీ రాసుకున్న కాగితంలో ఈ కర్ర లేదు. పదిన్నరకు గ్రాండ్ నది ఒడ్డున ఉన్న ఊరి నుంచి బస్సు, ఒంటిగంటకు విమానాశ్రయం, 5:40కి విమానం, మర్నాడు సాయంత్రం ఆరింటికి ప్రాగ్‌ పోటీల్లో మొదటి ఆట. కాగితంలో ఉన్నవి ఇంతే. ఇరవై మంది ఆటగాళ్ళు, కోచ్, పెద్దాయన, మేనేజరుగా తను, మొత్తం ఇరవై ముగ్గురు. ఆట లక్రాస్, చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరేది. అరవై లక్రాస్ కర్రలు, హెల్మెట్లు, ప్యాడ్లు పన్నెండు పొడవాటి సంచుల్లో సర్దారు. ఏ సంచి ఎవరిదన్న గొడవ లేకుండా పన్నెండూ తన పేరు మీదే రాయించింది.

నిరుడు మంచు తుఫానులో విమానం తప్పి జట్టు మొదటి ఆట వదులుకుంది. ఈసారి కూడా వేళకు రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని నిర్వాహకులు రెండు ఉత్తరాలు రాశారు. చోటు కోసం ఎదురుచూసేవాళ్ళకు కొదవ లేదు. లక్రాస్‌ను ఇప్పుడు తొంభైకి పైగా దేశాలు ఆడుతున్నాయి. ఆట పుట్టింది లూయెల్లా వాళ్ళ ఆదివాసీ జనంలో. పుట్టించినవాళ్ళు పోయి వరుసలో నిలబడటం ఆమెకు ఇష్టం లేదు.

10:25కి ఆమె మేనమామ ఆల్టన్ స్కై బస్సెక్కాడు. వయసు డెబ్బై నాలుగు. చేతిలో ఎర్ర దుప్పటి చుట్టిన పొడవాటి వస్తువు ఉంది.

"అదేంటి మావయ్యా?"

"కర్ర. హికరీ చెక్క. అక్కడివాళ్ళకు ఇద్దామని పది నెలలు ఎండబెట్టి చేశా."

"ముందే చెప్పొచ్చుగా?"

"ముందే చెబితే వద్దంటావుగా."

ప్లాస్టిక్ కర్రలను ఎవరైనా మోయొచ్చు. చెక్కతో చేసిన కర్ర సంగతి వేరు. దాన్ని ఆడవాళ్ళు ముట్టుకోరు. లూయెల్లా అమ్మమ్మ ముట్టుకోలేదు, అమ్మ ముట్టుకోలేదు, ఆమె కూడా ముట్టుకోదు. ఈ విషయంలో మేనమామకూ మేనకోడలికీ తగాదా లేదు. తగాదా అంతా టైము దగ్గరే.

"పోనీ సంచిలో పెట్టు మావయ్యా."

"ఆ ప్లాస్టిక్ ముక్కల మధ్యనా? నా చేతిలోనే ఉంటుంది."

"బాత్రూంకి వెళ్ళాల్సొస్తే?"

"టేట్ ఉన్నాడుగా."

"నేను గోల్‌కీపర్ని తాతా, కర్రకీపర్ని కాదు," అని వెనక సీట్లోంచి కేక వచ్చింది. టేట్ వారాంతాల్లో ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడతాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇళ్ళకు పైకప్పులు వేస్తాడు. ఒక్క లీగ్ జీతంతో బతికేవాడు ఆ బస్సులో ఎవడూ లేడు.

1:32కి పన్నెండు సంచులూ బెల్టు ఎక్కాయి. పదమూడోది కర్ర. కౌంటరులో ఉన్న ప్రిసిల్లా అనే ఉద్యోగిని దుప్పటి విప్పబోయింది.

"ముట్టుకోకమ్మా," అన్నాడు ఆల్టన్.

"ఏం?"

"మందు."

ఆయన జనంలో ఈ మాట పసిపిల్లకు కూడా అర్థమవుతుంది. ఆటే మందు. ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్ళ కోసం ఊరంతా కలిసి ఆడతారు. ప్రిసిల్లా వాళ్ళ జనం కాదు.

"ఏం మందు? తాగేదా, పేలేదా?"

"ఆడేది."

"లోపల ఎంతుంది?"

"లోపలేంటమ్మా, కర్రంతా మందే."

ప్రిసిల్లా రెండడుగులు వెనక్కి వేసి రేడియో అందుకుంది.

లూయెల్లా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఆయన అనేది ఆ మందు కాదండీ. చెక్కకర్ర, అంతే. ఆట కర్ర."

"అయితే మీరు విప్పి చూపించండి."

"నేను విప్పకూడదండీ."

"మేనేజరు మీరే కదా?"

"నేనే."

"సామానంతా మీ పేరు మీదే ఉంది కదా?"

"ఉంది."

"మరి మీ సామాను మీరెందుకు ముట్టుకోరు?"

లూయెల్లా లెక్క వేసుకుంది. నిజం చెబితే పది నిమిషాలు పడుతుంది. అబద్ధం చెబితే జైలు. "మగవాళ్ళెవరైనా ఉంటే పిలవండి, వాళ్ళు విప్పుతారు," అంది.

"మగవాళ్ళకేమీ కాదా?"

"కాదు."

"ఆడవాళ్ళకే అవుతుందా?"

జవాబు కోసం ఆగకుండా ప్రిసిల్లా పైఅధికారిణిని పిలిపించింది. వచ్చినావిడ పేరు ఒర్టేగా. చేతిలో నాలుగు పేజీల ఫారం ఉంది. వస్తూనే కౌంటరు మూయించి, ఇక ప్రయాణికులెవరూ ఆ వస్తువు మీద చెయ్యి వేయకూడదంది. వరుసలో ఉన్న జనం ఆల్టన్ వైపు చూశారు. ఆల్టన్ వాళ్ళకు చెయ్యి ఊపాడు.

"ఈ వస్తువు ఎవరిది?" ఒర్టేగా అడిగింది.

"సృష్టికర్తది," అన్నాడు ఆల్టన్. "ఆట ఆయనది. మేం ఆయన కోసం ఆడతాం."

ఒర్టేగా తల ఎత్తలేదు. యజమాని అని ఉన్న గడిలో ఆ పేరే రాసుకుంది. "ఆయన మీతో ప్రయాణం చేస్తున్నారా?"

"మేం ఎక్కడికెళ్తే అక్కడికి వస్తాడు."

ఆమె టిక్కెట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. "ఇరవై మూడే ఉన్నాయి. ఆయన టిక్కెట్టు ఏది?"

"ఆయనకెందుకమ్మా టిక్కెట్టు?"

"మావయ్యా," అంది లూయెల్లా, "కాస్త నోరు..." మేనమామతో ఆ మాట అనకూడదని గుర్తొచ్చింది. "...నొప్పి పుడుతుందేమో. అలా కూర్చో."

"నాకేం నొప్పి లేదమ్మాయ్. అడుగుతుంటే చెబుతున్నా."

2:40కి మైకు మోగింది. చీటీలో ఏముంటే అది చదివే గొంతు అది.

"ప్రాగ్ వెళ్తున్న సృష్టికర్త గారు ఎక్కడున్నా వెంటనే పెద్ద సామాను కౌంటరు దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాం."

ఇరవై మంది ఆటగాళ్ళూ లేచి నిలబడ్డారు. టేట్ టోపీ తీశాడు. "వస్తాడంటావా తాతా?"

"ఎప్పుడో వచ్చాడు. మనమే లేటు."

"లేటని నీకూ తెలుసన్నమాట!" అంది లూయెల్లా.

మైకు ఆ ప్రకటనను మూడుసార్లు చేసింది. సృష్టికర్త గారు రాలేదని ఒర్టేగా ఫారంలో నమోదు చేసింది. ఆ భాగంలో డ్యూటీలో ఉన్న ఒకే ఒక మగ ఉద్యోగి పక్క టెర్మినల్‌కు వెళ్ళాడని, వస్తున్నాడని 3:05కి చెప్పారు. 3:30కి కూడా వస్తూనే ఉన్నాడు. ప్రాగ్ నుంచి నిర్వాహకురాలు లెంకా ఫోన్ చేసి బయలుదేరారా అని అడిగింది. "బయలుదేరాం," అంది లూయెల్లా. బస్సెక్కిన దగ్గర్నుంచి లెక్కేస్తే అది నిజమే.

ఆ ఉద్యోగి 4:20కి వచ్చాడు. పేరు హర్జిందర్. ఆల్టన్ చెప్పింది చివరిదాకా విన్నాడు. చేతులు తుడుచుకున్నాడు. దుప్పటి విప్పి, కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, తోలు వలను వేలితో నొక్కి, మందుగుండు పరీక్ష చేసి, మళ్ళీ దుప్పటి చుట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

"కర్ర," అన్నాడు.

"మందు అన్నారు. ఆడవాళ్ళు ముట్టుకోకూడదన్నారు," అంది ఒర్టేగా.

"మా అమ్మమ్మ నన్ను వంటింటి గడప దాటనివ్వదు మేడం. దానికి నేనేమైనా ఫారం నింపానా?"

కౌంటరు ఇంకా మూసే ఉంది కాబట్టి కర్రను చేతి సామానుగా పంపమని రాసిచ్చి, దాన్ని తనే భుజాన వేసుకుని గేటు దాకా తీసుకెళ్ళాడు. వెనక ఇరవై ముగ్గురు పరుగెత్తారు. 5:31కి గేటు దాటారు. విమానంలో కోట్లు తగిలించే అరలో కర్రను పైలట్ పెట్టాడు. పైలట్ మగవాడా కాదా అని లూయెల్లా ముందే కనుక్కుంది. తర్వాత కాగితం తీసి "విమానం" అన్న చోట టిక్కు పెట్టి నిద్రపోయింది.

శుక్రవారం ఉదయం 8:50కి ప్రాగ్‌లో దిగారు. సామాను బెల్టు నలభై నిమిషాలు తిరిగి ఆగిపోయింది. పన్నెండు సంచుల్లో ఒక్కటీ రాలేదు.

కిటికీ వెనక ఉన్న గుమాస్తా తెర మీద ఉన్నది చదివి వినిపించాడు. "ప్రయాణికురాలు తన పేరిట ఉన్న సామానును ముట్టుకోవడానికి నిరాకరించారు. కనుక ఆమె పేరిట ఉన్న మొత్తం సామానును తదుపరి ఆదేశాల వరకు ఆపవలెను."

"కర్రను వదిలిపెట్టారు కదా!" అంది లూయెల్లా.

గుమాస్తా ఇంకాస్త కిందికి చదివాడు. "అది మీ పేరు మీద లేదు మేడం. వేరే ఆయన పేరు మీద ఉంది."

ఆల్టన్ దుప్పటి సర్దుకున్నాడు. "చేతిలోనే ఉంచుకుంటానన్నానా లేదా?"

లూయెల్లా గడియారం చూసింది. ఆటకు ఎనిమిది గంటల టైముంది. ఇరవై మంది ఆటగాళ్ళున్నారు. ఆడటానికి ఒక్క కర్ర లేదు, ఒక్క హెల్మెట్ లేదు. బయట లెంకా పూలగుత్తితో నిలబడి ఉంది. లూయెల్లా ఆమె దగ్గరికి వెళ్ళి, పూలు తీసుకుని, కర్రలు అరువడిగింది.

"మీరా? మమ్మల్నా?" అంది లెంకా. "మాకు ఆట నేర్పిందే మీరు కదమ్మా!"

"నేర్పాం. కర్రలు తేవడం మర్చిపోయాం."

లెంకా పదకొండు ఫోన్లు చేసింది. పెద్ద క్లబ్బుల కర్రలు పెద్ద క్లబ్బులకే కావాలి. చివరికి ఒక బడి క్లబ్బు ఒప్పుకుంది. నాలుగింటికి వ్యాను వచ్చింది. ప్రతి కర్ర మీదా ఒక పిల్లవాడి పేరు అంటించి ఉంది. టేట్ తొడుక్కున్న కాలి ప్యాడ్లు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి.

"లీగ్‌వాళ్ళు నన్నిలా చూస్తే పర్మనెంటుగా పైకప్పుల మీదే ఉంచుతారు అత్తా," అన్నాడు.

"నోర్ముయ్," అంది లూయెల్లా. టేట్‌తో ఆ మాట అనొచ్చు.

5:55కి ఆల్టన్ కర్రను ఆతిథ్య జట్టు కెప్టెన్ చేతికిచ్చాడు. ఆట 6:00కి మొదలైంది. లూయెల్లా జట్టు 9–8తో గెలిచింది. శనివారం ఒకటి గెలిచి, ఆదివారం ఉదయం ఒకటి ఓడి, మధ్యాహ్నం తిరుగు విమానం ఎక్కింది.

పన్నెండు సంచులు సోమవారం ఉదయం 7:15కి ప్రాగ్ చేరాయి.