ఓబులేశన్న కారులో లైట్లు

ప్రజలకు తమ నాయకుణ్ణి కళ్లారా చూసుకునే హక్కు కల్పిస్తున్నట్టు ఓబులేశన్న 2008 దసరా ముందు నంద్యాల గెస్ట్‌హౌస్‌లో ప్రకటించాడు. ఇకమీదట అన్న కారుకు నల్ల అద్దాలుండవు. లోపల ఎల్‌ఈడీ లైట్లుంటాయి. కరెంటు లేని ఊళ్లో సైతం అన్న ముఖం వెలుగుతుంది. దేశంలో ఇట్లాంటి పథకం ఇదే మొదటిదని అన్న చెప్పగా విలేకరులు రాసుకున్నారు. ఆనక ఉగ్గాని బజ్జీ తిన్నారు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది డ్రైవర్ శేషయ్య. ఆళ్లగడ్డ అవతల వాళ్లక్క రామేశ్వరమ్మకు రెండెకరాల మిరప ఉంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పద్దెనిమిది రోజులైంది. బోరు ఆడక తోట వాడిపోతోంది. అన్న కరెంటాఫీసుకు ఒక్క ఫోన్ కొడితే పనైపోతుంది. ఆ మాట చెబుదామని శేషయ్య మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ అన్నకు ఫోన్ వచ్చింది. ఇప్పుడు అన్నే ఊరూరా కారు ఆపుతాడు కాబట్టి అక్కే నేరుగా చెప్పుకోవచ్చని వాడి ఆశ.

లైట్లు బిగించే భాగ్యం నంద్యాలలో కార్ల వైరింగ్ చేసే ఈశ్వర్‌కు దక్కింది. బెంగళూరు నుంచి నీలం లైట్ల పట్టీలు తెప్పించి, డ్యాష్‌బోర్డు కింద, పైకప్పు చుట్టూ, సీట్ల అంచున అంటించాడు. అన్న వెనక సీట్లో కూర్చుని నమస్కారం పెట్టాడు. స్విచ్ వేశారు. దారినపోయే ముసలమ్మ ఒకతె తొంగిచూసి, "అయ్యో, ఎప్పుడు పాయెనప్పా?" అని ఏడుపందుకుంది. ఐసుపెట్టెలో పీనుగకు పెట్టేదీ ఆ రంగు లైటే.

మర్నాడు పసుప్పచ్చ లైట్లు పడ్డాయి. అన్న పెళ్లికొడుకులా మెరిశాడు. సందె వేళ బైపాస్ మీద కారును అటూ ఇటూ తిప్పి చూశారు. ఈశ్వర్ పరిగెత్తుకొచ్చాడు.

"సూపర్ అన్నా! రెండు కిలోమీటర్ల నుంచి కనపడతాండావు!"

"ఎవరికిరా?"

"అందరికీ అన్నా."

"అందరికీ అంటే?"

అన్న కారు దిగిపోయాడు. ఇరవై ఏళ్లుగా అన్న ఎక్కడికి కదిలినా ఒకే రంగు కార్లు మూడు కదులుతాయి. అన్న ఏ కారులో ఉన్నాడో శేషయ్యకు తప్ప పరమాత్ముడికి కూడా తెలియకూడదు. ప్రత్యర్థులు కూడా ప్రజలే కదా అనే సంగతి ప్రకటన చేసేటప్పుడు ఎవరికీ తట్టలేదు.

ప్రకటన వెనక్కి తీసుకోవడం అన్న ఇంటావంటా లేదు. అన్న బదులు లైట్ల కారులో ఎవరు కూర్చుంటారని అడిగారు. అన్న కోసం ప్రాణమిస్తామని రోజూ చెప్పే కార్యకర్తల్లో ఒకడికి మోకాలి నొప్పి, ఒకడికి అయ్యప్ప మాల, ఇంకొకడికి ఆ సమయానికే పెళ్లిచూపులు. ఆ మాల ఆ పూటే పడింది.

చివరికి నంద్యాల బట్టల షాపు నుంచి ఒక బొమ్మను తెచ్చారు. ఖద్దరు తొడిగారు, మీసం అంటించారు. ఈశ్వర్ దాని చేతికి వైపర్ మోటరు బిగించాడు. స్విచ్ వేస్తే చెయ్యి లేచి ఊగుతుంది. అన్న చూసి, "నా కంటే బాగా ఊపుతాండాడు" అని మెచ్చుకున్నాడు. ముందు సీట్లో ఉండే శేషయ్య ప్రాణం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. శేషయ్యకు గుర్తొచ్చింది గానీ, తనకూ ఒక బొమ్మ కావాలని అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

పర్యటన మొదలైంది. బొమ్మ ముందు కారులో, అన్న లైట్లు లేని మూడో కారులో. శిరివెళ్లలో జనం జేజేలు కొట్టారు. ఆళ్లగడ్డలో హారతులిచ్చారు. అద్దం నాలుగు వేళ్ల మేర దించితే అర్జీలు వచ్చి పడ్డాయి. ఎవరైనా పలకరించబోతే, "అన్నకు గొంతు బాగలేదప్పా" అని శేషయ్య అడ్డం పడ్డాడు.

అక్క ఊరు చేరేసరికి మసక చీకటి. ఊరంతా గుడ్డిగా ఉంది, కారొక్కటే వెలుగుతోంది. రామేశ్వరమ్మ వాడిన మిరప మొక్క చేత్తో పట్టుకుని అద్దం దగ్గరికొచ్చింది. శేషయ్యకు ఆమె ముఖం చూసే ధైర్యం లేక స్టీరింగ్ పట్టుకుని తల దించుకున్నాడు. పావుగంట చెప్పింది ఆమె. విత్తనం సంగతి, బోరు సంగతి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంటింటికీ చందా వేసుకున్న సంగతి. బొమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుని శేషయ్య పక్క అద్దం దగ్గరికి వచ్చింది. శేషయ్య అద్దం దించాడు.

"అక్కా, నీకొక మాట చెప్పల్ల..."

"బొమ్మని తెలుసులేరా. అతికిచ్చిన మీసం నాకు కనపడదా?"

"మరి అంతసేపు చెప్పినావే!"

"పోయిన ఓట్లప్పుడు నిజం మనిషికే చెప్పినా. సగంలోనే అద్దం ఎక్కిచ్చినాడు. ఇదైతే కడదాకా ఇనింది."

ఆమె వెళ్లిపోయింది. శేషయ్య ఫోన్ మోగింది. మూడో కారులోంచి అన్న.

"ఏందప్పా అంతసేపు? ఏమంటాండారు జనాలు?"

"సంతోషంగా ఉండారన్నా. కడదాకా ఇన్యావని మెచ్చుకుంటాండారు."

అవతల అన్న పొంగిపోయాడు. "ప్రజల కోసరం ఆ మాత్రం ఇనకపోతే ఎట్లప్పా!"

ఇదే అదనని శేషయ్య ధైర్యం తెచ్చుకున్నాడు. "అన్నా, ఈ ఊరి ట్రాన్స్‌ఫార్మరు..."

"ఇన్యాను కదప్పా! మళ్లా మళ్లా చెప్తావేందీ?" అని అన్న ఫోన్ పెట్టేశాడు.