వస్తాం, ఉంటాం

రెండువేల మూడు ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం, బ్రాడీపేటలో విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు జానకిరామయ్యగారు రెండు పనులు పెట్టుకున్నారు. బియస్సీ చదువుతున్న మనవరాలు మహతికి వేసవి పరిశోధనకని రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి హైదరాబాదులో బాలసరస్వతిగారి ప్రయోగశాల. రెండోది గుంటూరులోనే అలీ సాహెబ్‌గారి మిర్చి గోదాము; అక్కడి పని, టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, ఎండుమిర్చికి పట్టే బూజును లెక్కగట్టడం. మహతి కళాశాలలో ఉన్న ఒక్క సూక్ష్మదర్శినికి నలభై మంది వంతులు. ఆమె ప్రాణమంతా హైదరాబాదు మీదే ఉంది. అక్కడ ఔనని, ఇక్కడ కాదని ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

"నేనే చెప్తాను తాతయ్యా. రెండు ముక్కలేగా."

"పెద్దలతో రెండు ముక్కల్లో మాట్లాడకూడదమ్మా," అంటూ ఆయన ఫోను అందుకున్నారు.

సెలవు తీసుకునే మర్యాదలో ఆయన ఏనాడూ పొరబడలేదు. ఎదుటనున్న వారితో "వస్తాను" అంటారు; ఫోనులో "ఉంటాను" అంటారు. "వెళతాను" అనే అమంగళపు మాట ఆయన నోట ఎవరూ విని ఎరుగరు.

ఆనాడు హైదరాబాదు లైను ఒకటే గరగర. ఆయన కృతజ్ఞతలతో ఆరంభించి, బోధనావృత్తి ఔన్నత్యం మీదుగా అంగీకారం వద్దకు చేరేసరికి, అవతలి నుంచి ఏదో ప్రశ్న తెగి తెగి వినిపించింది. సంభాషణ ముగిసిందని ఆయన భావించారు. అదే క్షణాన లైను శుభ్రపడింది.

"ఉంటామండి," అని ఫోను పెట్టేశారు.

మధ్యాహ్నం మనవరాలితో గోదాముకు వెళ్ళారు. గుమ్మంలోనే ఘాటు ఎదురైంది. "మీ ఆహ్వానాన్ని మన్నించలేక..." అన్నారో లేదో, తుమ్ము. "అమ్మాయి హైదరాబాదుకు..." మూడు తుమ్ములు. మహతి అందుకోబోయింది గాని, ఆమెకూ తుమ్ములే. మూతికి తువాలు చుట్టుకున్న అలీ సాహెబ్‌గారు ఓపికగా తల ఊపుతున్నారు. చివరకు జానకిరామయ్యగారు నిండుగా పలకగలిగింది ఒక్క మాట.

"వస్తామండి."

"తప్పకుండా రండి," అన్నారు అలీ సాహెబ్‌గారు.

సోమవారం ఉదయం గోదాము మనిషి జయరావు ఒక కొత్త తువాలు పట్టుకొచ్చాడు. "అమ్మాయిగారు మూతికి కట్టుకోడానికండి. పేరు రాసేశారు, ఇవాళే రమ్మన్నారు."

మహతి తువాలు వంక చూసింది. "రెండు ముక్కలన్నాను తాతయ్యా."

ఆ మాట ఆయనకు నాటుకుంది. వెంటనే ఆటోలో వెళ్ళి, గోదాము బయటే నిలబడి, రెండు ముక్కలే చెప్పారు: "మేం రాము." ఇక ఏ సందేహానికీ తావుండరాదని, డెబ్బై ఒక్క ఏళ్ళలో తొలిసారిగా, "వెళతాను," అన్నారు. అలీ సాహెబ్‌గారు నొచ్చుకున్నారు. మహతి పేరు కొట్టేసి, ఎప్పటినుంచో అడుగుతున్న షిరీన్ అనే విద్యార్థిని పేరు రాసుకున్నారు.

ఆయన విజయగర్వంతో ఇల్లు చేరేసరికి, ఏ తేదీకి రావాలో కనుక్కుందామని మహతి హైదరాబాదుకు ఫోను చేసి మాట్లాడుతోంది. లైను నేడు నిర్మలంగా ఉంది. బాలసరస్వతిగారి గొంతు గదంతా వినిపిస్తోంది.

"అదేంటమ్మా, పిల్ల వస్తుందా, అక్కడే ఉంటుందా అనడిగితే, మీ తాతగారు ఉంటామన్నారుగా! మొన్ననే వేరే అమ్మాయికి ఇచ్చేశాం."

జానకిరామయ్యగారు సర్దిచెప్పడానికి చెయ్యి చాచారు. మహతి ఫోను ఇవ్వలేదు.

ఆ వేసవి మహతి వెళ్ళనూ లేదు, రానూ లేదు. ఉంది.